సుద్దబిళ్ళల దొంగ

కొట్లో సుద్దబిళ్ళలు మాయమవుతున్నాయి. గుడ్డ మీద గీతలు గీసుకునే ఆ తెల్లబిళ్ళలతో ఎవరికేం పని? కటింగ్ మాస్టరుకి ఎంతకీ అంతు చిక్కలేదు. ఎలుకలన్నాడు, కొలతలివ్వడానికొచ్చిన పిల్లలన్నాడు. చివరికి మిషను దగ్గరున్న పెళ్ళాం మీద పడ్డాడు.

"నువ్వుగానీ తీశావా?"

"నాకెందుకండీ?" అంది ఆవిడ తలెత్తకుండా.

మనిషి మంచివాడే. కుట్టులో దారప్పోగంత వంకరున్నా ఇట్టే పట్టేస్తాడు. కట్టుకున్నది మెట్లెక్కుతూ సగంలో ఆయాసంతో నిలబడిపోతుంటే మాత్రం కంటికానలేదు. అదేం చూపో మరి! ఒకరోజు కాజాలు కుడుతూ కుడుతూ ఆవిడ కళ్ళు తిరిగి మిషను మీదే వాలిపోయింది. మాస్టరుకి పైప్రాణాలు పైనే పోయాయి. కత్తెర ఎక్కడ పడేశాడో కూడా తెలియకుండా ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

రక్తం తీసి పరీక్ష చేశారు. మాస్టరు పక్కనుండగానే డాక్టరమ్మ ఫలితాలు చూసింది.

"హిమోగ్లోబిన్ ఏడే ఉందమ్మా, పన్నెండైనా ఉండాలి. రక్తకణాలు చిన్నవైపోయి, పాలిపోయి ఉన్నాయి. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష కూడా చేశాం. నిల్వ అడుగంటిపోయింది. నెలసరి ఎక్కువగా అవుతోందా?"

ఆవిడ తలూపింది.

"ఇంకోటి అడుగుతాను, సిగ్గుపడకు. మట్టో, సుద్దో, ఐసుముక్కలో తినాలనిపిస్తోందా?"

ఆవిడ రెండు చేతులూ మొహానికడ్డం పెట్టుకుని భోరుమంది. "సుద్దబిళ్ళలు తింటున్నానండీ. ఆ వాసన తగిలితే చాలు, నోరూరిపోతుంది. నాకు పిచ్చెక్కుతోందేమోనని హడలి చస్తున్నాను."

"పిచ్చీ లేదు, గిచ్చీ లేదు. ఇనుము తక్కువైతే కొందరికి అలాగే అవుతుంది. మాత్రలు రాస్తాను, ఒంట్లో ఇనుము చేరితే ఆ యావ పోతుంది. రక్తం అంతగా ఎందుకు పోతోందో అదీ చూద్దాం."

బయట బల్ల మీద కూర్చున్నాక మాస్టరు ఆవిడ వైపు తిరిగాడు. "ఇంత బాధ పెట్టుకుని నాతో ఒక్క మాటైనా అనలేకపోయావా?"

"బిళ్ళలేమయ్యాయని అడిగారు గానీ, నీకేమైందని అడగలేదుగా."

కోపంగా కూడా అనలేదు, ఉన్నమాట చెప్పింది. కోప్పడినా బాగుండేదనిపించింది ఆయనకి. చల్లబడిపోయిన ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"నీకేమైందే?" అన్నాడు.

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. నిజంగానే అడుగుతున్నాడని నమ్మకం కుదిరాక, మెల్లగా మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.