ఉప్పునీళ్లు మోసిన ఇత్తడి డబ్బా

ఎవరూ ఇంటి గడప దాటనివ్వని ఇత్తడి డబ్బాను నేను. మనిషి వీపునెక్కి చేలకు పురుగుమందు కొడతాను.

బందరులో నన్ను అతికినవాడు బిందెలు కూడా చేసేవాడు. నాతో ఒకే రేకున పుట్టిన బిందెలు వంటిళ్లకు పోయాయి. నేను దివిసీమలో కోటినాగులు పశువులపాకకు వచ్చి దూలానికి వేలాడాను.

నన్ను దించగానే అతను సబ్బుతో చేతులు రుద్దుకునేవాడు. అతని భార్య నాంచారమ్మ నాకు తగిలిన తువ్వాలును విడిగా ఉతికేది. కుక్క కూడా నా కింద పడుకునేది కాదు. చేనుకు జబ్బు చేస్తే నేను కావాలి. తగ్గితే అక్కర్లేదు. తప్పు పట్టను. నా కడుపులో ఉండేది అలాంటిది.

ఒక కార్తీకంలో తుపాను వచ్చింది. కోతకొచ్చిన వరి పడిపోయి మునిగింది. కోటినాగులు గట్టు తెంపి నీళ్లు తీసేసరికి వెన్నులో గింజలు మొలకకు పగులుతున్నాయి. మొలిస్తే ఆ ఏడు వాళ్లకు తిండిగింజ లేదు. పడిన కంకులపై ఉప్పునీళ్లు కొడితే మొలక ఆగుతుందని వ్యవసాయాఫీసులో చెప్పారు.

నాంచారమ్మ మొదటిసారి నన్ను ముట్టుకుంది. బట్టలసోడా వేసి, వేణ్ణీళ్లతో మళ్లీ మళ్లీ కడిగింది. ఉప్పు కలిపి నాలో పోసింది.

"సరిపోయిందంటావా?" అన్నాడు కోటినాగులు.

ఆమె నా గొట్టం కొసన వేలాడే చుక్కను వేలితో తీసి నాలుకకు రాసుకుంది.

"మతి పోయిందా నీకు? పురుగుమందు డబ్బా అది."

"కడిగింది నేనేగా. ఇంకో గుప్పెడు పడాలి."

"నా కూరలో ఉప్పు ఏనాడన్నా ఇట్టా చూశావా?"

"తిని చెప్పటానికి నువ్వున్నావుగా, నేనెందుకు చూట్టం."

పొద్దుగూకేదాకా కొట్టారు. ఉప్పు బస్తా అయిపోతే చివరి మడికి నాంచారమ్మ వంటింటి ఉప్పుజాడీ తెచ్చి నాలో వంచేసింది.

మర్నాడు ఎండ కాసింది. ఇద్దరూ కోతకు పరిగెత్తారు. నన్ను కడగడం ఎవరికీ గుర్తులేదు. అడుగున మిగిలిన ఉప్పు నన్ను నెమ్మదిగా తింది. గింజ మొలవలేదు. బియ్యం కాస్త రంగు మారాయి, అంతే. తర్వాతి పంటకు నాలో నీళ్లు పోస్తే అతుకుల్లోంచి కారిపోయాయి. కోటినాగులు ప్లాస్టిక్ డబ్బా కొనుక్కున్నాడు.

ఇప్పుడు పాతసామాన్ల కొట్టు వెనక ఉన్నాను. పక్కన సొట్టబోయిన ఇత్తడి బిందె ఒకటి. నా రేకుదేనేమో. ఎన్ని నోళ్లకు నీళ్లిచ్చిందో.

నేనూ ఇచ్చాను. ఒక్క చుక్క.