సరేగారి ఇళ్ళ వేట

అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఆయనకూ ఉంది కానీ, అది కాగితాల మీద తప్ప ఎక్కడా పనికి రాలేదు. వీధి వీధంతా ఆయన్ని సరేగారు అనే పిలుస్తుంది. కూరలో ఉప్పు ఎక్కువైందా అంటే సరే, తక్కువైందా అంటే సరే. పెళ్ళికి ముందు పిల్ల నచ్చిందా అని అడిగితే కూడా సరే అన్నాడట. ఆ పిల్ల ఇరవై రెండేళ్ళుగా ఆ ఒక్క మాటతోనే సంసారం నెట్టుకొస్తోంది.

ఆ పిల్ల ఇప్పుడు మోటారు పంపుల ఫ్యాక్టరీలో తనిఖీ విభాగానికి పెద్ద. ఆమె ముందుకొచ్చిన పంపు ఏదీ మొదటి దెబ్బకే పాసవదు గనక అక్కడ అందరూ ఆమెను ఇన్‌స్పెక్టరమ్మ అంటారు. సరేగారిది తాళాల పని. బజారులో ఒక మేడమెట్ల కింద నాలుగడుగుల వెడల్పు కొట్టు. ఆరడుగుల మనిషి అందులో మెడ వంచుకుని కూర్చుని తాళాలు బాగుచేస్తాడు, తాళంచెవులు కోస్తాడు. కొట్టు ఇరుకుగా లేదా అని అడిగితే ఏమంటాడో వేరే చెప్పక్కర్లేదు.

ఫ్యాక్టరీవాళ్ళు పరాయి దేశంలో ఇంకో ఫ్యాక్టరీ పెడుతూ, మూడేళ్ళు అక్కడ ఉండి తనిఖీ విభాగాన్ని నిలబెట్టమని ఇన్‌స్పెక్టరమ్మను అడిగారు. ఆమె ఇంటికొచ్చి ఆ మాట చెప్పేసరికి సరేగారు ఒక తాళంచెవిని ఆకురాయితో రాస్తున్నాడు. తలెత్తకుండానే సరే అన్నాడు.

"ఏం సరే?"

"వెళ్దాం అంటున్నావుగా."

"వద్దులెండి అంటే?"

"అదీ సరే."

ఇన్‌స్పెక్టరమ్మ కళ్ళజోడు తీసి ఆయన ఎదురుగా కూర్చుంది. "ఏవండీ, అమ్మాయి ఎలాగూ హాస్టల్లో ఉంది, దాని బెంగ లేదు. నా బెంగంతా మీరే. మీ సరేని నమ్ముకుని మిమ్మల్ని ఇక్కణ్ణుంచి పీక్కుపోతాను. అక్కడ మీరు మూడేళ్ళు ఓ మూల కూర్చుని బాగానే ఉంది, బాగానే ఉంది అంటారు. అప్పుడు నేనేం కావాలి?"

సరేగారు ఆకురాయి పక్కన పెట్టాడు. ఆమె అప్పటికే అంతా ఆలోచించి పెట్టుకుంది. ఇల్లు వెతుక్కోవడానికి కంపెనీ ఒక వారం ఖర్చులు భరిస్తుంది. ఆ వారం ఆయనొక్కడే వెళ్ళాలి. "నేనూ వస్తే నా మొహం చూసి జవాబు చెబుతారు. మీకు నిజంగా ఉండాలనిపించిన ఇల్లు ఒక్కటి దొరికితే ఉద్యోగం కాగితం మీద సంతకం పెడతాను. లేకపోతే పెట్టను. శుక్రవారం సాయంత్రం దాకా టైముంది. ఫొటోలు పంపించొద్దు, వీడియోలు చూపించొద్దు."

ఆమెకు ఆ ఉద్యోగం ఎంత కావాలో సరేగారికి తెలియనిది కాదు. రెండు నెలలుగా పొద్దున్నే వంటగదిలో ఫోను పెట్టుకుని ఆ దేశపు భాష నేర్చుకుంటోంది. పోపు వేగుతుంటే క్రియాపదాలు వల్లెవేస్తోంది. అందుకని విమానంలో కూర్చోగానే ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. ఎలాగైనా సరే, ఆమెకు అన్నివిధాలా కుదిరే ఇల్లు చూసిపెట్టాలి. పాపం, అక్కడే తప్పులో కాలేశాడు. మంచివాళ్ళతో వచ్చే చిక్కే ఇది, అడిగింది వదిలేసి అడగనిది చేసిపెడతారు.

ఇళ్ళు చూపించే ఏజెంటు బొద్దుగా, హుషారుగా ఉండే ఆడమనిషి. నడుముకి వేలాడేసిన గుత్తిలో అరవై తాళంచెవులున్నాయి, ఒక్కదానికీ గుర్తు లేదు. వాటిని చూడగానే సరేగారి చేతులు దురదపెట్టాయి కానీ, మొహమాటంతో ఊరుకున్నాడు. ఇద్దరికీ వచ్చీరాని ఒక భాషలో మాటలు నడిచాయి.

సోమవారం మొదటి ఇల్లు. గుమ్మం దాటగానే సరేగారు మోకాళ్ళు వంచి, భార్య కళ్ళు ఎంత ఎత్తులో ఉంటాయో అంత ఎత్తుకి తన కళ్ళు దించుకున్నాడు. అలాగే బాతులా ఇల్లంతా తిరిగాడు. వంటగది గట్టు దగ్గర నిలబడి ఉత్తుత్తి గరిటె తిప్పాడు. పై అరకి చెయ్యి సగమే చాచి చూశాడు.

"మోకాళ్ళ నొప్పులా?" అంది ఏజెంటు జాలిగా.

"కాదండీ. ఇది మా ఆవిడ."

ఏజెంటు చాలా రకాల మనుషుల్ని చూసింది. రెండో ఇంటికల్లా ఆమె కూడా ఆటలో కలిసిపోయి, తలుపు తీసి పక్కకి జరిగి, "మీ ఆవిడని ముందు రమ్మనండి" అంది. చూడటం అయ్యాక, "ఆవిడకి నచ్చిందా?" అని అడిగింది.

"నచ్చింది."

"మరి మీకు?"

సరేగారు నిటారుగా నిలబడి కప్పుకేసి చూశాడు. కప్పు మీద జవాబేమీ రాసిలేదు.

ఆయనకు సాయంత్రం అయ్యేసరికి ఇన్‌స్పెక్టరమ్మకు భోజనాల వేళ అవుతుంది. ఫోను ఠంచనుగా మోగేది.

"వంటగది గట్టు నీకు సరిగ్గా సరిపోతుంది. ఫ్యాక్టరీకి పది నిమిషాలు. కిటికీలో పొద్దుటి ఎండ పడుతుంది, నీ జుట్టు ఆరబెట్టుకోవచ్చు."

"నా జుట్టు సంగతి నేను చూసుకుంటాను. మీకెలా ఉంది?"

"బాగుంది."

"ఏం బాగుంది?"

"అన్నీనూ."

"పంపు రిపోర్టులో 'అన్నీ బాగున్నాయి' అని రాసినవాడికి మళ్ళీ పంపు తాకే పని ఇవ్వలేదు నేను. ఫెయిల్. రేపు ఇంకోటి చూడండి."

మంగళవారం ఇల్లూ ఫెయిలే. బుధవారం ఇంటికి మూడు గదులు, వెనక చిన్న దొడ్డి, దొడ్లో బట్టలారేసుకునే తీగ కూడా ఉన్నాయి. తీగ ఇన్‌స్పెక్టరమ్మకు అందుతుందో లేదో వంగి కొలిచి మరీ చెప్పాడు.

"ఏవండీ, ఇంక రెండు రోజులే ఉన్నాయి. ఈ ఉద్యోగం నాకు కావాలి. చాలా కావాలి. కానీ మిమ్మల్ని బలవంతాన తీసుకెళ్ళి సంతోషంగా ఉండటం నా వల్ల కాదు. ఏమీ నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి, తిరిగొచ్చేయండి. నేనేం అనుకోను."

సరేగారు ఫోను పెట్టేశాడు. లాడ్జి గదిలో మంచం మీద కూర్చుని, మనుషులకు ఒకటి నచ్చినట్టు ఎలా తెలుస్తుందా అని ఆలోచించాడు. ఎవరినైనా అడుగుదామన్నా సిగ్గుగా ఉంటుంది. యాభై ఏళ్ళ మనిషి అడిగే ప్రశ్న కాదది.

గురువారం ఒక పాత మూడంతస్తుల ఇంటికి వెళ్ళారు. మధ్య అంతస్తు అద్దెకుంది. ఏజెంటు తలుపు దగ్గర నిలబడి తాళంచెవి తిప్పింది. తిరగలేదు. బలంగా తిప్పింది, కాలితో తలుపు తన్నింది, తాళాన్ని నోటికొచ్చినట్టు తిట్టింది. "పోనివ్వండి. ఇది ఎలాగూ మీ ఆవిడకి పనికొచ్చేది కాదు. వేరేది చూద్దాం."

"ఆగండి," అన్నాడు సరేగారు.

జేబులోంచి పెన్సిలు తీశాడు. దాని ములుకుతో తాళంచెవి పళ్ళకి నల్లగా పూశాడు. లోపలికి పెట్టి, బయటికి తీసి, మళ్ళీ పూసి, మళ్ళీ పెట్టి, తాళానికి చెవి ఆనించి విన్నాడు. నూనె పోస్తే దుమ్ము పట్టి తాళం చస్తుంది, పెన్సిలు పొడయితే హాయిగా జారుతుంది. రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లిగా తిప్పేసరికి తలుపు తెరుచుకుంది. ఏజెంటు నోరెళ్ళబెట్టింది.

ఆ చప్పుడుకి పై అంతస్తులోంచి ఇంటావిడ గబగబా దిగొచ్చింది. పోస్టాఫీసులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఆ తలుపు నెల రోజులుగా ఆమెకే లొంగడం లేదట. ఎవరు తెరిచారని అడిగి, సరేగారిని కిందనుంచి పైదాకా చూసి, మాట్లాడకుండా పైకి వెళ్ళి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. నిండా తాళంచెవులు. ఏది దేనిదో ఎవరికీ తెలియదు, పారేయడానికి మనసొప్పలేదు.

సరేగారు వాటిని నేలమీద కుమ్మరించుకుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఇత్తడివి ఒకపక్క, ఇనపవి ఒకపక్క. ఇది బీరువాది, ఇది సొరుగుది, ఇది ఈ దేశంలోదే కాదు, ఇది గోడగడియారానికి కీ ఇచ్చేది. ఒక్కొక్కటే పట్టుకుని మూడంతస్తులూ ఎక్కీ దిగీ తొమ్మిది తాళంచెవులకి ఇళ్ళు వెతికిపెట్టాడు. ఒక సొరుగు తెరిస్తే ఇంటావిడ చిన్నప్పటి ఉత్తరాలు బయటపడ్డాయి. ఆమె అక్కడే మెట్టు మీద కూలబడి చదువుకుంటూ ముసిముసిగా నవ్వుకుంది.

పదోది పొట్టిగా, లావుగా, పళ్ళు అరిగిపోయి ఉంది. వీధి వైపు ఆరేడు మెట్లు కిందకి దిగితే ఒక తలుపు ఉంది, పదకొండేళ్ళుగా మూసి ఉన్నదట. సరేగారు ఆ తాళంతో పావుగంట గుసగుసలాడాడు. అది తెరుచుకుంది.

లోపల పొడుగాటి గది. గోడ వారన ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చెక్క బల్ల. బల్లకి పైన వీధి మట్టానికి ఒక వెడల్పాటి కిటికీ. అందులోంచి నడిచిపోయేవాళ్ళ కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. బడి బూట్లు, ఎత్తు మడమల చెప్పులు, పసిపిల్లల బండి చక్రాలు. ఒక కుక్క ఆగి, లోపలికి తొంగిచూసి, ఏదో పనున్నట్టు వెళ్ళిపోయింది. సరేగారు పకపకా నవ్వాడు. చేతులు రెండూ పైకెత్తాడు. కప్పు తగల్లేదు. ఇరవై ఏళ్ళ తరవాత ఒక కొట్టులో మెడ ఎత్తి నిలబడ్డాడు. ఆకురాళ్ళు ఇక్కడ, కోత మిషను అక్కడ, తాళంచెవులు ఆ గోడకి వరసగా. చెప్పకుండానే ఆ గది మొత్తం ఆయన బుర్రలో సర్దుకుపోయింది. అప్పుడు గమనించాడు, పొద్దుటినుంచి ఒక్కసారి కూడా మోకాళ్ళు వంచి చూడలేదని.

గతుక్కుమన్నాడు. పరుగున పైకి వెళ్ళి, మోకాళ్ళు వంచి వంటగదిలో నిలబడ్డాడు. గట్టు ఛాతీ దాకా వచ్చింది. ఫ్యాక్టరీకి ఎంతసేపు అని అడిగాడు.

"ముప్పావుగంట. రెండు బస్సులు మారాలి," అంది ఏజెంటు. "ఈ ఇల్లు ఆవిడకి కాదని ముందే చెప్పాగా."

ఆ సాయంత్రం ఇన్‌స్పెక్టరమ్మ ఫోను చేస్తే, రేపు చెబుతానని పెట్టేశాడు. దొంగతనం చేసినవాడిలా ఉంది ఆయన పరిస్థితి. పరాయి ఊళ్ళో, పెళ్ళాం పక్కన లేకుండా, తనకోసమని ఒకటి కోరుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఏజెంటు చూపించిన ఇల్లు ఫ్యాక్టరీ గేటుకు సరిగ్గా ఎదురుగా ఉంది. లిఫ్టు ఉంది. గోడలు తెల్లగా మెరుస్తున్నాయి. గట్టు ఇన్‌స్పెక్టరమ్మ కొలతలు తీసి కట్టినట్టుంది. సరేగారు వంగి ఎంత వెతికినా ఒక్క వంక దొరకలేదు.

"ఇంకో కుటుంబం మెట్ల దగ్గర నిలబడి ఉంది. ఇప్పుడే చెప్పాలి," అంది ఏజెంటు.

ఎప్పటి మాటే గొంతుదాకా వచ్చింది. అనేస్తే ఎంత తేలిక. నాకెంతో నచ్చిందని ఆమెకు అబద్ధం చెప్పి, నాలుగు వివరాలు కల్పించి చేరిస్తే పాసైపోతుంది. ఆమె సంతకం పెడుతుంది. మూడేళ్ళు ఎదురుగా ఉన్న గేటు చూసుకుంటూ కూర్చోవచ్చు. సరేగారు మోకాళ్ళు నిటారుగా చేసి లేచి నిలబడ్డాడు.

"వద్దు," అన్నాడు.

అన్నది ఎవరా అని తనే వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. మిగతాది కూడా అనేశాడు. "నిన్నటి ఇల్లు కావాలి. కింది గదితో కలిపి."

వీధిలోకి వచ్చి, తనే ఫోను చేశాడు. మొదటి మోతకే ఇన్‌స్పెక్టరమ్మ ఎత్తింది. కాగితం ముందు పెట్టుకుని కూర్చుందట.

"ఇల్లు దొరికింది," అన్నాడు. "నీకు దేనికీ పనికిరాదు."

"అదేంటి?"

"వంటగది గట్టు నీ ఛాతీ దాకా వస్తుంది. ఫ్యాక్టరీ దూరం, రెండు బస్సులు. మెట్లు నిటారుగా ఉన్నాయి. కింద ఒక గది ఉంది. బల్ల పద్నాలుగడుగులు, నేనే జానలతో కొలిచాను. కిటికీలోంచి ఊళ్ళోవాళ్ళ కాళ్ళన్నీ కనిపిస్తాయి. నిన్న ఒక కుక్క వచ్చి చూసిపోయింది. ఇంటావిడ అప్పుడే వీధిలో నలుగురికి చెప్పేసింది, ఒకాయన పాడైన ఇనప్పెట్టె తాళం పట్టుకొస్తానన్నాడు. అందులో నేను నిటారుగా నిలబడొచ్చు. చేతులెత్తినా కప్పు తగలదు." ఊపిరి తీసుకున్నాడు. "నాకు కావాలి."

ఇన్‌స్పెక్టరమ్మ జీవితంలో వినని మాట అది.

"నేను రానంటే?" అంది, పరీక్ష పెడుతున్నట్టు.

సరేగారు ఆలోచించలేదు. "రాకపోతే మానెయ్. నేనుంటాను. సెలవులకి వచ్చి చూసిపోతూ ఉండు."

మొదట ఏడుపులాంటి చప్పుడు వినిపించింది. అది నవ్వు. ఆగి ఆగి, మళ్ళీ మొదలై, ఆఫీసులో పక్కవాళ్ళు లేచొచ్చి ఏమైంది మేడం అని అడిగేదాకా సాగింది. "పాసయ్యారండీ," అంది చివరికి ముక్కు ఎగబీలుస్తూ. "ఇరవై రెండేళ్ళు పట్టింది. ఉండండి, మీ మనసు మారేలోపు సంతకం పెట్టేస్తాను. రెండు బస్సులు కాదు, నాలుగైనా ఎక్కుతాను." ఫోనులో కాగితం చప్పుడు, కలం చప్పుడు వినిపించాయి. "గట్టు అంత ఎత్తుంటే వంట మీదే, చెబుతున్నా."

సరేగారు వీధి మధ్యలో నిలబడి, పళ్ళన్నీ బయటపెట్టి, దారినపోయే వాళ్ళందరికీ నమస్కారాలు పెడుతున్నాడు. ఏజెంటు దగ్గరికొచ్చి, "ఏమన్నారు మీ ఆవిడ?" అని అడిగింది.

"ఆవిడ కూడా వస్తానంది," అన్నాడు సరేగారు.