రాయని పెళ్ళి

డోర్కస్ పార్జెటర్ నోటికి స్టోక్ ఆర్డెల్ ఊరంతా హడలిపోయేది. ఆ నోట్లో పదేళ్ళుగా నలిగింది మాత్రం కోడలు కెజాయా. రొట్టె అడుగంటినా, పులుసులో ఉప్పు తక్కువైనా, "పుస్తకంలో పేరులేని పెళ్ళాం, ఇంతకన్నా ఏం వెలగబెడుతుందిలే!" అనేది అత్త.

ఆ దెప్పుకు కారణం లేకపోలేదు. కొడుకు సైలస్ పెళ్ళినాడు మంచు ముంచెత్తి చర్చికి పిట్ట కూడా రాలేదు. పాదిరి, ఆయన గుమాస్తా, డోర్కస్, అంతే. ప్రమాణాలయ్యాక రిజిస్టరు తెరిస్తే సిరాబుడ్డిలో సిరా గడ్డకట్టుకుపోయి ఉంది. "ఆదివారం వచ్చి సంతకాలు పెట్టండి" అన్నాడు పాదిరి. పాపం, ఆదివారానికి ఆయనే జ్వరంతో పోయాడు. కొత్త పాదిరిని అడగడానికి సైలస్‌కు బద్ధకం. "దేవుడు చూశాడు, చాలదూ?" అని ఊరుకున్నాడు. రిజిస్టరులో వాళ్ళ గళ్ళు ఖాళీగానే ఉండిపోయాయి. తర్వాత గుమాస్తా కూడా పోయాడు.

ఇప్పుడు సైలస్ కూడా లేడు. కోతల్లో గడ్డిబండి మీదనుంచి పడి ప్రాణం వదిలాడు. డోర్కస్ లేసు అల్లి సంపాదించేది రెండు కడుపులకు చాలుతుంది, మూడో కడుపుకు చాలదు. తొమ్మిదేళ్ళ కూతురు టామ్సిన్ చెయ్యి పట్టుకుని కెజాయా ఊరి సాయం అడిగింది. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఊరి సొమ్ముతో బీదలను సాకే పెద్దమనిషి హక్స్‌టబుల్. పెట్టే ముందు ఏ ఊరివాళ్ళో తేల్చడం ఆయన పని. సైలస్ కుర్రతనంలో దూరాన మార్ల్‌ఫెన్‌లో ఏడాదిపాటు పాలేరుగా చేశాడు కాబట్టి చట్టం లెక్కన అతనిది ఆ ఊరే. కెజాయా అతని భార్యయితే తల్లినీ పిల్లనూ మార్ల్‌ఫెన్ బీదల శాలకు తోలేస్తారు. పోయిన చలికాలం అక్కడ పిల్లలు ఈగల్లా రాలిపోయారు. భార్య కాకపోతే కెజాయా ఒక్కతీ తన పుట్టినూరికి పోవాలి. పెళ్ళి లేకుండా పుట్టిన పిల్ల మాత్రం పుట్టిన ఊరిదే, అంటే నానమ్మ దగ్గరే ఉంటుంది.

విచారణ నాడు చర్చికి నడుస్తూ కెజాయా ఆగింది.

"అత్తా, పెళ్ళి జరగలేదని చెప్పు."

"మతి పోయిందా నీకు?"

"పదేళ్ళుగా అంటూనే ఉన్నావుగా. ఈ ఒక్కసారి వాళ్ళ ముందు అను."

"ఓసి పిచ్చిదానా, అది కోపంలో అన్న మాటే! బైబిలు మీద చెయ్యేసి ఎలా అనేది?"

"ఆ మార్ల్‌ఫెన్ కొంపలో నా పిల్ల బతకదత్తా. నీ దగ్గరుంటే బతుకుతుంది."

"ఊరు నిన్నేమంటుందో తెలుసా?"

"ఎందుకు తెలియదు? అన్నీ నీ నోట విన్నవేగా" అని నవ్వబోయి, బావురుమంది. డోర్కస్‌కు గుండె తరుక్కుపోయింది. పదేళ్ళలో మొదటిసారి కోడలి కన్నీళ్ళు తన శాలువా అంచుతో తుడిచింది.

చర్చి గదిలో పాదిరి రిజిస్టరు తెరిచి ఖాళీ గళ్ళు చూపించాడు. తల్లి గౌను పట్టుకుని టామ్సిన్ నిలబడింది. తల్లీ పిల్లా ఇద్దరూ మార్ల్‌ఫెన్‌కు పోతే ఊరికి ఖర్చు తప్పుతుందని హక్స్‌టబుల్ ఆత్రం.

"పెళ్ళి చేసుకోబోతున్నారని మూడు ఆదివారాలు వీళ్ళ పేర్లు చర్చిలో చదివారు, అది అందరం విన్నాం. పెళ్ళి చూసినదానివి నువ్వొక్కతివే మిగిలావు డోర్కసమ్మా. చూశాననవమ్మా, పనైపోతుంది."

డోర్కస్ బైబిలు మీద చెయ్యి పెట్టింది. దేవుడా, ఈ ముసలిదాన్ని ఏ నరకంలోనైనా వెయ్యి అనుకుంది.

"ఏ పెళ్ళి దొరా? నా కొడుకు దీన్ని ఉంచుకున్నాడు. పెళ్ళీ లేదు, గిళ్ళీ లేదు."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. "ఇన్నాళ్ళూ పెద్ద ఇల్లాలిలా చర్చికొచ్చిందే!" అంది ఒకావిడ. కెజాయా తల ఎత్తలేదు.

"నిజమేనా?" అడిగాడు పాదిరి.

"నిజమేనండీ" అంది కెజాయా.

మర్నాడు బండి వచ్చింది. కూతురిని ఎంతసేపు హత్తుకున్నా కెజాయాకు తనివి తీరలేదు. బండివాడే విసుక్కుని విడదీశాడు. డోర్కస్ వాకిట్లోనే కూలబడింది. పిల్లకు నిజం చెబుదామని ఎంత ఉన్నా, అది పిల్ల నోట జారి ఊళ్ళో పడితే మార్ల్‌ఫెన్ బండి రావడం ఖాయం.

వారం తిరక్కముందే టామ్సిన్ బావి దగ్గర్నుంచి ఖాళీ బిందెతో, ఎర్రబడ్డ కళ్ళతో వచ్చింది.

"నానమ్మా, మా అమ్మ చెడ్డదా?"

"ఎవతే అన్నది? నాలుక చీరేస్తాను! మీ అమ్మంత మంచిది ఈ చుట్టుపక్కల లేదు, తెలుసా? ఎవతే, చెప్పు!"

టామ్సిన్ ఆమె మొహంలోకి చూసింది.

"నువ్వే కదా నానమ్మా."