ఇరవై నాలుగు చుట్లు

తనకు వచ్చిన వెయ్యి నామాలూ నిజంగా వెయ్యేనా అన్న అనుమానం ప్రసాదరావుకు నలభై ఎనిమిదేళ్ళుగా ఉంది. ఎవరికీ చెప్పలేదు. శనివారం తెల్లవారుజామున దేవుడి అలమర ముందు పీట మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, స్వామివారి నామాలు ఒక్కొక్కటే పెదవుల మీద దొర్లిస్తున్నప్పుడు కూడా ఆ అనుమానం పంటి సందున ఇరుక్కున్న పీచులాగ లోపలెక్కడో తగులుతూనే ఉంటుంది.

ఆ శనివారమూ అంతే. ఆఖరి నామం అయింది. హారతి కళ్ళకద్దుకున్నాడు. పక్కన సీతారావమ్మ, కళ్ళజోడు ముక్కు చివరికి జారిపోయి, తన పుస్తకంలో ఇంకా చదువుతూనే ఉంది.

"కాఫీ ఫ్లాస్కులో పోసి ఉంచానండీ," అంది తల ఎత్తకుండా, రెండు నామాల మధ్యన.

ఆయన గోడ పట్టుకుని లేచాడు. డెబ్భై ఏళ్ళ మోకాళ్ళు ఒకసారికి మాట వినవు. కుడి చూపుడు వేలి మీద, గోరుకు కాస్త కింద, సన్నటి గాడి ఒకటుంది. ఏళ్ళ తరబడి తీగ ఒరుసుకుంటూ పోయి ఆ వేలిని అలా చెక్కింది. కాఫీ గ్లాసు పట్టుకుంటే వేడి ముందు ఆ గాడికే తెలుస్తుంది.

ఎనిమిది గంటలకల్లా రూబెన్ మోటార్ల షాపుకు చేరుకున్నాడు. ఏలూరులో చెరువుల మోటార్లు బాగుచేసే షాపుల్లో అదొకటి. కలిదిండి నుంచి రాత్రే ఆటోలో నాలుగు ఏరియేటర్ మోటార్లు వచ్చి పడ్డాయి, రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిమ్మేవి. వాటి నిండా బురద, కాలిన వార్నిష్ వాసన. ప్రసాదరావు చొక్కా విప్పి మేకుకు తగిలించి, బనీనుతో స్టూలు మీద కూర్చుని, మాడిపోయిన కాయిళ్ళు కోసి తీయడం మొదలుపెట్టాడు. మోటారుకు కావలసింది అరవై డెబ్భై చుట్లే. వాటికి వేళ్ళ లెక్క చాలు. అయినా కొత్త తీగ చుడుతుంటే పెదవులు వాటంతటవే కదులుతాయి.

"బాబాయిగారూ, రొయ్యలక్కూడా మీ స్వామి పేర్లేనా?" అన్నాడు రూబెన్.

"అలవాటురా."

"అలవాటు కాదండీ. మా చర్చిలో ఫ్యాను మీరు చుట్టిందే కదా. పాస్టరు గారు ప్రసంగం చెబుతుంటే నాకు మధ్యలో కొబ్బరికాయ కొట్టాలనిపిస్తుంది."

ప్రసాదరావు నవ్వబోయాడు. దగ్గు వచ్చింది. ఈ మధ్య నవ్వినా, మెట్లెక్కినా గుండెల మీద ఎవరో అరచెయ్యి ఆనించినట్టుంటోంది. రూబెన్ మంచినీళ్ళ సీసా అందించాడు.

"మధ్యాహ్నం గూడెం వెళ్ళాలిరా. సింధూర గారు రమ్మన్నారు."

"వ్యాస్ గారి మనవరాలా? పెద్దమనిషిని రమ్మనే బదులు ఆవిడే రావచ్చు కదండీ."

"అక్కడ చూపించాల్సింది ఏదో ఉందన్నారు." ఆ మాట అంటున్నప్పుడు ఆయన చేతిలో తీగ ఒక్క క్షణం ఆగింది.

సింధూర తాతగారు వేదవ్యాస్. ఏలూరులో ఒక అద్దె ఇంటి వెనక వసారాలో ఆయన పాటల రికార్డింగుకు మిక్సర్ పెట్టెలు తయారుచేసేవారు. చూడ్డానికి పెద్ద భోషాణంలా ఉండేవి, మీద వరసగా తిప్పే నల్లటి గుండీలు. హరికథలవాళ్ళూ, బుర్రకథలవాళ్ళూ, చర్చి పాటల క్యాసెట్లు చేసేవాళ్ళూ వచ్చి కొనుక్కునేవారు. ఇరవై రెండేళ్ళలో నలభై మూడు పెట్టెలు. ప్రతి పెట్టెలోనూ ఎనిమిది చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు. మైకులోంచి వచ్చిన గొంతు ఆ రాగి చుట్లను దాటుకునే టేపు మీదికి వెళ్ళాలి. వాటన్నిటినీ చుట్టింది ప్రసాదరావే.

కాగితం మీద లెక్క వెయ్యి చుట్లు. చేరిన మొదటి వారంలోనే చుట్టే మరకున్న కౌంటరు పళ్ళు అరిగిపోయి అంకెలు దాటవేయడం మొదలుపెట్టింది. కొత్తది మద్రాసు నుంచి రావాలి. అప్పుడు తోచింది ఆయనకు, నామానికో చుట్టు వేస్తే సరిపోతుందని. తండ్రి కామవరపుకోట దగ్గర పల్లెలో గుడి అర్చకుడికి సాయం చేసేవాడు. పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని పుస్తకంలోంచి చదివి చెప్పి, నామాలన్నీ నోటికి వచ్చేలా చేశాడు. కొత్త కౌంటరు వచ్చినా ప్రసాదరావు దాన్ని బిగించలేదు. చేతికి నామాల లయ పట్టుబడిపోయింది.

రెండో వారంలో వేదవ్యాస్ గారు మీటరు ముందు కూర్చుని, సూది వంక చూసి, ప్రసాదరావు వంక చూశారు.

"లెక్క తప్పడం లేదు కదా?"

"స్వామి పేరు మీద వేస్తున్నానండీ."

వేదవ్యాస్ గారు ఇంకాసేపు సూది వంకే చూసి, "మంచిది," అని లేచిపోయారు. అంతే. మళ్ళీ ఎన్నడూ అడగలేదు. అనుమానం మాత్రం ఆ రోజే పుట్టింది.

తీర్చుకోవడం కష్టమేమీ కాదు. చిన్న తిరుపతి కొండ మీద దుకాణాల్లో పుస్తకం పది రూపాయలు. ఎన్నోసార్లు చేతిలోకి తీసుకున్నాడు, తెరవకుండా పెట్టేశాడు. తప్పని తేలితే చుట్టిన వందల ట్రాన్స్‌ఫార్మర్లూ తప్పే. చేసిన పూజా కొరతే. రెండిట్లో ఏది పోయినా తనకంటూ మిగిలేది లేదు. గుడిలో అర్చకులు నామాలు చదువుతుంటే ప్రదక్షిణానికి లేచి వెళ్ళిపోయేవాడు. సీతారావమ్మ పుస్తకాన్ని ఏనాడూ ముట్టుకోలేదు.

తరవాత కంప్యూటర్లు వచ్చాయి. పెట్టెలు అడిగేవాళ్ళు లేకపోయారు. వసారాకు తాళం పడింది. వేదవ్యాస్ గారు ఆ ఏడే పోయారు. ప్రసాదరావు మోటార్లకు మళ్ళాడు.

ఏలూరు స్టేషన్లో వంతెన మెట్ల మీద రెండుసార్లు ఆగాడు. పాసింజరు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక గానీ ఊపిరి సర్దుకోలేదు. చేలూ చెరువులూ వెనక్కి పోతుంటే కునుకు పట్టింది.

తాడేపల్లిగూడెంలో సింధూర ఇంటి వెనక గది నిండా బల్లలు, దీపాలు. ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, తాతగారి పెట్టెలను మళ్ళీ తయారుచేస్తానని వచ్చేసింది. ఎక్కడెక్కడి స్టూడియోలవాళ్ళో ఇప్పుడు ఆ పాత పెట్టెల కోసం వెతుకుతున్నారట. కంప్యూటరులో గొంతు శుభ్రంగానే వస్తుంది గానీ, వీటిలోంచి వస్తే మనిషి ఎదురుగా కూర్చున్నట్టుంటుందట. పన్నెండు పెట్టెలకు ఆర్డరు వచ్చింది.

"కూర్చోండి ప్రసాదరావు గారూ. మజ్జిగ తాగండి ముందు." ఆయన తాగేదాకా ఆగింది. "పాత పెట్టెల్లోవి రెండు ట్రాన్స్‌ఫార్మర్లు విప్పి చూశానండీ. కొత్తవి ఎన్ని చుట్లు వెయ్యాలో ఈ పూట తేల్చెయ్యాలి."

బల్ల మీద ఖాళీ బాబిన్ ఒకటి ఉంది, తీగ చుట్టే కండె, దారపు ఉండంత. పక్కనే విప్పిన తీగ. ఆ బాబిన్ అంచును తను ఆకురాయితో అరగదీసిన గుర్తు ఆయన కంటపడింది.

"ఎన్నున్నాయమ్మా?" అన్నాడు ఆ గుర్తు వంకే చూస్తూ.

"తొమ్మిది వందల డెబ్భై ఆరు. రెండిట్లోనూ అంతే. ఒక్క చుట్టు తేడా లేదండీ."

ప్రసాదరావు మజ్జిగ గ్లాసు బల్ల మీద పెట్టాడు. పెట్టాక కూడా దాన్ని వదల్లేదు.

"కాగితం మీద వెయ్యి కదమ్మా. వెయ్యే వెయ్యండి. నా చెయ్యే తప్పింది."

"ఇది చూడండి." తాతగారి నోటు పుస్తకం ఆయన ముందుకు జరిపింది. సిరాతో రాసిన 1000 మీద పెన్సిలు గీత. పక్కన అదే పెన్సిలుతో, 'చుట్టు 976. రెసిస్టరు మార్చాను.' కింద తేదీ. ప్రసాదరావు పనిలో చేరిన రెండో వారం.

వేలి గాడితో ఆ గీతను తడిమాడు. ఇరవై ఏళ్ళకు పైగా రోజూ పక్కన కూర్చుని టీ తాగిన మనిషి. పండక్కి బట్టలు పెట్టిన మనిషి. తెలిసి కూడా ఒక్క మాట అనలేదు.

"నా తప్పునే అచ్చు వేస్తారా అమ్మా, పన్నెండు పెట్టెల్లోనూ?"

"తప్పని తాతయ్య ఎక్కడా రాయలేదండీ. మీ చుట్లకు సరిపడేలా పెట్టెనే మార్చుకున్నారు," అంది సింధూర. కొత్త మర దగ్గరికి వెళ్ళి కౌంటరులో 976 కొట్టింది.

బయల్దేరేటప్పుడు ఆయన ఆ ఖాళీ బాబిన్ అడిగాడు. ఆవిడ దాంతోపాటు రెండు బారల రాగి తీగ కూడా ఇచ్చింది.

ఇల్లు చేరేసరికి దీపాల వేళ. కాళ్ళు కడుక్కుని తిన్నగా దేవుడి అలమర ముందుకు వచ్చాడు.

"నీ పుస్తకం తియ్యి. నేను చెబుతుంటాను. నువ్వు వేలు పెట్టి చూస్తూ ఉండు."

సీతారావమ్మ కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం తెరిచింది. ఆయన మొదలుపెట్టాడు. ఆవిడ వేలు పంక్తి పంక్తికీ జరుగుతోంది. సగం దాటింది. ఇంకా ముందుకు వెళ్ళింది.

"ఆగండి." వేలు అక్కడే ఉంది. "ఇక్కణ్ణుంచి... ఇదుగో, ఇక్కడికి దూకేశారు."

"ఎన్ని?"

ఆవిడ లెక్కపెట్టింది. "ఇరవై నాలుగు."

తండ్రి పుస్తకం కళ్ళ ముందుకు వచ్చింది. అట్ట లేదు. తెరిచినప్పుడల్లా ఆకులు రాలేవి. దారంతో కట్టి ఉంచేవాడు. పెద్ద అక్షరాలు, పేజీకి పన్నెండు నామాలు. ఒక్క ఆకు. తను పుట్టకముందే ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుంది. తండ్రికీ తెలియదు.

"మీరెప్పుడూ పూజలోంచి నాకంటే ముందే లేస్తారు," అంది సీతారావమ్మ మెల్లిగా. "మగవాళ్ళ తొందర అనుకున్నాను."

"ఎప్పట్నుంచీ?"

"పెళ్ళయినప్పట్నుంచీ."

ఈసారి దగ్గు రాలేదు. నవ్వే వచ్చింది. ఇద్దరూ కాసేపు నవ్వుకున్నారు. తరవాత ఆయన జేబులోంచి బాబిన్ తీసి, తీగ కొస దాని కన్నంలో దూర్చాడు.

"ఇన్నాళ్ళూ వదిలేసినవన్నీ తిరిగి చెప్పే ఓపిక లేదు స్వామీ," అన్నాడు పటం వంక చూస్తూ. "ఒక్కసారి చెబుతాను. తీసుకో."

ఆవిడ ఒక్కో నామమూ చదివింది. నోటికి కొత్తగా ఉన్న ఆ పేర్లను ఆయన చిన్నపిల్లవాడిలా కూడబలుక్కుని చెప్పి, ఒక్కో చుట్టు వేశాడు. తీగ వేలి గాడిలోంచి జారుతూ చుట్టు పక్కన చుట్టుగా సర్దుకుంది. ఇరవై నాలుగు అయ్యాక అలమరలోని పసుపు దారం ముక్కతో చివర ముడివేసి, దీపం పక్కన పెట్టాడు.

"పొద్దుట్నుంచీ ఏమీ తిన్నట్టు లేరు. కాస్త ఉప్మా చేస్తాను," అని సీతారావమ్మ లేచింది.

పళ్ళెంతో తిరిగి వచ్చేసరికి ఆయన గోడకు చేరబడి ఉన్నాడు. కునుకు తీశాడనుకుంది. పళ్ళెం కింద పెట్టి, "ఏవండీ," అంది. ఉప్మా మీద ఆవిరి ఇంకా లేస్తోంది. మళ్ళీ పిలిచింది.

పదో రోజున సింధూర వచ్చింది. రూబెన్ వాకిట్లో కుర్చీలు సర్దుతున్నాడు. సీతారావమ్మ అలమరలోంచి బాబిన్ తీసి ఆ అమ్మాయి చేతికిచ్చింది.

"మీ సామానేమోనమ్మా. పట్టుకెళ్ళండి."

సింధూర దాన్ని వెలుతురుకు తిప్పి, గోటి కొసతో చుట్లు లెక్కపెట్టింది. పెదవులు కదిలాయి. ఇరవై నాలుగో చుట్టు దగ్గర గోరు ఆగింది. దాన్ని రెండు చేతులతో తీసుకెళ్ళి ఉన్నచోటే పెట్టింది.

సీతారావమ్మ పుస్తకం పక్కన, దీపం మసి అంటిన చోట, ఆ చిన్న బాబిన్ అలాగే ఉంది. దాని మీద ఒక్క వరస రాగి తీగ, చివర పసుపు దారం ముడి.