అమ్మ నేర్పిన శనివారం

కోర్టులో పిల్లల గదికి కిటికీ లేదు. గోడకు టీవీ, దాని పైన చిన్న కెమెరా, రెండు కుర్చీలు, చెవి ఊడిపోయిన ఎలుగుబంటి బొమ్మ. జడ్జిగారూ లాయర్లూ ముద్దాయీ పక్క హాల్లో ఉంటారు. పిల్ల ఈ గదిలోంచే సాక్ష్యం చెబుతుంది. ఆ మనిషి ముఖం చూడనక్కర్లేదు.

"దీని చెవి కూడా సాక్ష్యానికి పట్టుకెళ్ళారా అక్కా?" అంది మిరియం. అది నాయనమ్మ పెట్టిన ముద్దుపేరు. పదేళ్ళ పిల్ల, చిన్నదే గాని ఘాటు.

పక్కన కూర్చున్నావిడ నవ్వింది. సాక్ష్యానికి వచ్చే పిల్లలకు తోడుగా ఉండడం ఆవిడ ఉద్యోగం. పిల్లలంతా తోడక్క అనే పిలుస్తారు. ఆవిడ కేసు ఊసు ఎత్తకూడదు, జవాబు అందించకూడదు, కనుబొమ్మ కూడా కదపకూడదు.

మిరియం కాళ్ళు ఊపుతూ గొణుక్కోవడం మొదలుపెట్టింది. "శనివారం సాయంత్రం... శనివారం సాయంత్రం..." పద్యం అప్పజెప్పే ముందు వల్లె వేసుకున్నట్టు.

తోడక్క నవ్వు ఆగిపోయింది. పిల్ల పోలీసులతో మాట్లాడిన రోజున కూడా ఆవిడ పక్కనే ఉంది. అది జరిగింది ఏ రోజో గుర్తులేదని పిల్ల అప్పుడు స్పష్టంగా చెప్పింది.

ఏమీ అడగకుండా లేచి బయటికి వచ్చింది. వరండాలో బెంచీ మీద తల్లి కూర్చుని ఉంది.

"పాపకి ఏమైనా చెప్పి తీసుకొచ్చారా అమ్మా?"

"గుర్తులేదంటే వాడి లాయరు నమిలి మింగేస్తాడు కదండీ. పరీక్షలో ఖాళీ వదిలితే సున్నాయే కదా? ఆ వారంలో నేను ఇంట్లో లేనిది శనివారమే. అందుకని అదే చెప్పమన్నా."

"ఈ సంగతి నేను మన లాయరు గారికి చెప్పాలి."

తల్లి ఆవిడ మణికట్టు పట్టేసుకుంది. "మీకు దణ్ణం పెడతా, వద్దు. వాడు విడుదలై మా పై వాటాలోకి తిరిగొస్తే? రోజూ ఆ మెట్ల పక్క నుంచే నా కూతురు బడికి పోవాలా?"

తోడక్క మెల్లగా చెయ్యి విడిపించుకుంది.

ప్రభుత్వం తరఫు లాయరమ్మ విని కళ్ళజోడు తీసేసింది. "కొంప ముంచింది కదా మహాతల్లి! దాస్తే అవతలాయన ఎలాగూ లాగుతాడు. అప్పుడు నిజం కూడా కొట్టుకుపోతుంది. ముందే జడ్జిగారికీ ఆయనకీ చెప్పేస్తా, తర్వాత పిల్లనే అడుగుతా. మీరు మాత్రం పిల్లతో ఒక్క ముక్క అనొద్దు."

తోడక్క గదిలోకి తిరిగొచ్చి కూర్చున్నాక టీవీ వెలిగింది. లాయరమ్మ మొదటి ప్రశ్నే అది వేసింది. "పాపా, ఇవాళ ఏం చెప్పాలో నీకు ఎవరైనా నేర్పారా?"

ఊగుతున్న కాళ్ళు ఆగాయి. మిరియం తోడక్క వైపు తిరిగింది. ఆవిడ చూపు టీవీ మీంచి కదల్లేదు.  పిల్ల ఇంకా చూస్తూనే ఉంది.

"చెబితే అమ్మని తిడతారా?"

"తిట్టం. ఉన్నది చెప్పు," అన్నారు జడ్జిగారు.

"శనివారం అనమని అమ్మ చెప్పింది. నాకైతే ఏ రోజో తెలీదు."

ముద్దాయి లాయరు తన వంతు కోసమే కాచుకున్నట్టు లేచాడు. "రోజు అమ్మే నేర్పింది. మిగతా కథ కూడా అమ్మే నేర్పింది, అంతేనా పాపా?"

"కాదు."

"ఎందుకు కాదు?"

"అమ్మకి తెలిస్తే కదా నేర్పడానికి? తను అక్కడ లేదుగా." మిరియం ఆగలేదు. "ట్యాంకు పొంగి మెట్ల మీద నీళ్ళు కారుతుంటే మోటారు ఆపమని చెప్పడానికి పైకెళ్ళా. చెప్పులు తడిశాయని గుమ్మం బయట విప్పా. ఆయన వాటిని తీసి లోపల పెట్టి తలుపేశాడు. చెప్పుల సంగతి పోలీసు ఆంటీకే చెప్పా. అమ్మకి చెప్పలేదు, ఏడుస్తుందని."

లాయరు పిల్ల పోలీసులకిచ్చిన వాంగ్మూలం కాగితాలు తిరగేశాడు. చెప్పుల మాట ఉన్నచోట వేలు ఆగింది. ఆ పేరా చదువుకున్నాడు, మళ్ళీ చదువుకున్నాడు. తర్వాత అడిగిన ప్రశ్నల్లో పట్టు లేదు. కాసేపటికి కూర్చున్నాడు.

తలుపు తీయగానే తల్లి ఎదురొచ్చింది. "చెప్పావా నాన్నా?"

"శనివారం అనలేదమ్మా. నువ్వు చెప్పమన్నావని కూడా చెప్పేశా."

తల్లి ముఖం పాలిపోయింది. తోడక్క వైపు చూసింది. లోపలి మాట బయట చెప్పడానికి లేదు గనక ఆవిడ గది తలుపు మూసే పనిలో పడింది.

మిరియం తల్లి కొంగు పట్టుకుని దగ్గరికి జరిగింది.

"భయపడకమ్మా, నిన్ను తిట్టరట. నేను ముందే అడిగా."