బర్ల తొవ్వ

ఎత్తుకుని తీసుకెళ్లేటట్టయితే ఇక ఎక్కడికీ రానని రోజారాణి తెగేసి చెప్పింది. డాబా మీద నుంచి పడి నడుము కింద స్పర్శ పోయాక ఆమె దేనికీ ఇంత గట్టిగా పట్టుబట్టలేదు.

తప్పు ఆమె మొగుడు లింగమూర్తిదే. సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసే మనిషి. సెలవు దొరకగానే పెళ్లానికి అడవీ నీళ్లూ చూపించాలని ఆశపడి ఆదిలాబాద్ దిక్కు ఒక జలపాతానికి తీసుకుపోయాడు. కిందికి దిగాలంటే అన్నీ మెట్లే. అడక్కుండానే నలుగురు చక్రాల కుర్చీని గాల్లోకి లేపారు. దారిపొడుగునా ఫోన్లు కూడా లేచాయి. రోజారాణి కళ్లు మూసుకుని కూర్చుంది.

“జలపాతం చూద్దామని పోతే జనమే నన్ను చూసిర్రు,” అంది ఇంటికొచ్చాక. “ఇగ పోతె గోదారి ఒడ్డుకు, గదీ నా చక్రాల మీదనే పోవాలె. లేకుంటే ఇల్లే నయం.”

గోదారి ఒడ్డునున్న ధర్మపురిలోనూ మెట్లే. లింగమూర్తి కూడా తక్కువ మొండివాడు కాదు. కుర్చీని ఆటోలో వేసుకుని, ఆమెను కూర్చోబెట్టుకుని, నది వెంట ఊరూరా ఆపి అడిగాడు. “మా ఊర్ల మెట్లు మంచిగున్నయి, కొత్తగ కట్టిర్రు,” అని ప్రతివాడూ గొప్పగా చెప్పేవాడే. చివరికి బర్రెలు తోలుకుపోతున్న భూమవ్వ అనే ముసలమ్మ వాళ్లిద్దరినీ ఎగాదిగా చూసింది.

“మెట్లు లేకుంట నీళ్లకాడికి పోయేటియి గీ బర్లే బిడ్డా. వస్తె రాండ్రి.”

బర్రెల దారి వాలుగా, గట్టిగా ఉంది. కుర్చీ సాఫీగా దిగింది. తీరా నీళ్లు దగ్గరపడ్డాక ఇసుక మొదలై చక్రాలు కూరుకుపోయాయి. లింగమూర్తి నెట్టాడు, గుంజాడు, చెమటలు కక్కాడు.

“జర ఎత్తుకుంటనే. గింత దూరమే గదా, సూసెటోళ్లు ఎవ్వలు లేరు.”

“నేనున్న గదా.”

ఉన్నమాట చెప్పాలంటే లింగమూర్తికి కోపమే వచ్చింది. ఆమె మాత్రం ఒడ్డునున్న భూమవ్వ కొట్టం వైపు చూస్తోంది. అక్కడ రెండు వెదురు తడకలు ఆనించి ఉన్నాయి.

“అవ్వా, గా తడకలు జర ఇస్తవా? ఒకటి చక్రాల కింద, ఒకటి ముంగట. దాటినంక ఎనకది తీసి మళ్ల ముంగటెయ్యాలె.”

భూమవ్వ ఒకటి, లింగమూర్తి ఒకటి మోసుకొచ్చారు. వాళ్లు తడక పరవడం, ఆమె చక్రాలు తిప్పడం. అతను వెనక పిడి పట్టుకోబోతే వద్దంది. అరచేతులు కమిలిపోయినా ఆగలేదు.

నీటి అంచుకు చేరాక వంగి, దోసిలితో నీళ్లు తీసి మోకాళ్ల మీద పోసుకుంది. అక్కడ చల్లదనం తెలియలేదు. చేతుల్లో మాత్రం జివ్వుమంది. ఏడుపూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

లింగమూర్తి ఇసుకలో కూలబడ్డాడు. “ఇగ చాలా? మళ్ల పైకి ఎక్కుడున్నది.”

బర్రెలు మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డాయి. రోజారాణి వాటినే చూస్తోంది.

“ఎక్కుడు తర్వాత. ఎనక తడక తీసి నీళ్లల్ల ఎయ్యి.”

“తేలిపోతదే.”

“నేనెక్కితె ఆగుతది.”