చెత్త చట్టానికి శుద్ధప్రతి

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు: ముందుగదిలో బాబాయి, లాయరు, రిటైరైన పెద్దాఫీసరు; వంటింట్లో పిన్ని; పెరటి మెట్ల మీద మా ఖాళీ సీసాలు తీసుకెళ్ళే ముసలమ్మ; ఈ మూడు చోట్లకీ టీ మోస్తూ నేను.

ముందుగదిలోని ముగ్గురూ రాష్ట్రానికి కొత్త చెత్త చట్టం రాస్తున్నారు. పారేసినవాటిని మళ్ళీ వాడుకలోకి తేవాలట. "పెద్దవాళ్ళకి మనం తాగిన గ్లాసుల్లో ఇస్తారా?" అని బాబాయి తాగి పారేసే కప్పులు తెప్పించాడు.

బాబాయికి చెత్త గురించి అంతా తెలుసు, మా ఇంట్లో చెత్తబుట్ట ఎక్కడుంటుందో తప్ప. తడిదీ పొడిదీ వేరు చేసేది పిన్ని. సీసాల మీది కాగితాలు నానబెట్టి, గోటితో గోకి, కడిగి మెట్ల మీద బోర్లించేదీ పిన్నే. ముసలమ్మ వాటిని నూనె కొట్లో అమ్ముకుని బతుకుతుంది. ఇరవై ఏళ్ళుగా ఇదే వరస. "ఆ కంపు పనులేవో నా కంటపడకుండా చేసుకో" అన్నది ఈ ఏర్పాటుకి బాబాయి చేసిన ఒకే ఒక్క సవరణ.

టైపు చేసే ఆయన రాలేదు. మర్నాడు పొద్దున్నే మంత్రికి ఇవ్వాలి. "మా పల్లెటూరి పిల్ల మాట్లాడదు గానీ, రాత అచ్చు గుద్దినట్టుంటుంది" అని బాబాయి నన్ను శుద్ధప్రతి రాయడానికి కూర్చోబెట్టాడు. నాలుగో నియమం దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఇంటి బయట పెట్టిన ప్రతి వస్తువూ చెత్తే. అది లైసెన్సున్న కంపెనీకే చెందుతుంది. ఇంకెవరు తీసుకున్నా దొంగతనం.

పెరట్లో ముసలమ్మ సీసాలు సంచిలో సర్దుకుంటున్న చప్పుడు ఈ గదిలోకే వినిపిస్తోంది.

నలుగురిలో నేను నోరు విప్పను. అయినా అడిగాను. "మరి మెట్ల మీద కడిగి ఆరబెట్టినవి? అవి ఆమె తీసుకెళ్తే?"

లాయరు కళ్ళజోడు మీంచి చూశాడు. "ఏ ఆమె?"

"సీసాల ముసలమ్మ. ఇరవై ఏళ్ళ నుంచీ వస్తోంది."

"ఈ ఇంటికా?" అన్నాడు బాబాయి.

పెద్దాఫీసరు నవ్వాడు. "చట్టమంటే వంటింటి కబుర్లు కాదమ్మా. రాయి, రాయి."

"నేను రాయనండి."

బాబాయి మొహం కందగడ్డయింది. "వింటున్నావా? మీ అక్క కూతురికి నోరొచ్చింది! ముందు దీన్ని బయటికి పంపు!" అని వంటింటివైపు అరిచాడు.

పిన్ని తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. 'చిన్నపిల్ల, ఏదో తెలియక వాగింది' అంటుందనుకున్నాను. ఆవిడ ఎప్పుడూ అనే మాట అదే. అనకముందే నాకు ఆవిడ మీద కూడా అసహ్యం వేసింది.

పిన్ని ఆ మాట అనలేదు. నా చేతిలోంచి కలం తీసుకుని, నేను ఆపిన చోట కాగితం చదివి, భుజం పట్టి నన్ను గది బయటికి నడిపించింది.

"నువ్వెళ్ళి ఆమెని కాసేపు కూర్చోమను. నాలుగో నియమం సంగతి వీళ్ళతో నేను మాట్లాడతా."

తను లోపలే ఉండి, నా మొహం మీద తలుపు వేసేసింది.